వెనక్కి తీసుకోవాల్సిన ప్రార్థన

కోపం వస్తే లూసీ గిన్నెలు తోముతుంది. ఆ శనివారం మధ్యాహ్నం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ వంటింట్లో తోమడానికి ఇంకో గిన్నె మిగల్లేదు గానీ, కోపం మాత్రం చెక్కుచెదరలేదు. మరి చర్చి కార్యదర్శి సుందర్ రాజ్ గారు ఫోన్‌లో అన్న మాట అలాంటిది.

"లూసమ్మా, ఆ రూత్ విషయం కమిటీ మళ్ళీ ఆలోచించిందమ్మా. ఈ ఏడాదికి వద్దులే అనుకున్నాం."

వద్దులే! విస్తట్లో రెండోసారి పులిహోర వేయబోతే చెయ్యి అడ్డం పెట్టినట్టు, వద్దులేనట!

ఈ రూత్ ఎవరో ముందు చెప్పాలి. లూసీ, ఆమె భర్త జోసఫ్ అమెరికా రాకముందు టాంజానియాలో, డోడోమా ఊళ్ళో ఒక స్కూల్లో పనిచేశారు. ఆయన లెక్కలు చెప్పేవాడు, ఈవిడ హాస్టల్ నర్సు. అదే స్కూల్లో పనిచేసే డానియేల్ మాస్టారి కూతురు రూత్. చిన్నప్పటి నుంచీ జ్వరాల గదిలో లూసీ కొంగు పట్టుకు తిరిగింది, కట్లు కట్టడం నేర్చుకుంది, పెద్దయ్యాక నర్సునే అవుతానని పట్టుపట్టి కూచుంది. చదువులో ఎప్పుడూ ముందే.

దానికోసం లూసీ అమెరికాలో కనబడిన ప్రతి స్కాలర్‌షిప్‌కీ రాసింది. ఒకళ్ళు మీ దేశం మా పరిధిలో లేదన్నారు. ఇంకొకళ్ళు ఆఫ్రికాకి కేటాయించిన సీటు అయిపోయిందన్నారు. ఖండం మొత్తానికీ ఒకటే సీటట, ఏం దయండీ! ఒక మహాతల్లయితే రూత్ స్వయంగా రాసిన ఇంగ్లీషు వ్యాసం చేతిలో పెట్టుకుని, "ఇంతకీ ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చా?" అని ఫోన్‌లో అడిగింది. చివరికి డాలస్‌లో ఒక నర్సింగ్ కాలేజీ ఫీజు లేకుండా సీటిచ్చింది. షరతు ఒక్కటే. చదువయ్యేదాకా తిండికీ, బసకీ మాది పూచీ అని ఇక్కడి సంస్థ ఏదైనా నెలాఖరులోగా సంతకం పెట్టాలి. లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. లూసీయే పెట్టేద్దామంటే విడి మనుషుల పూచీ కాలేజీకి చెల్లదు, పైగా ఉన్న ఒక్క బెడ్‌రూమ్‌లో నలుగురు.

అయినా బెంగెందుకు, సంస్థ కళ్ళ ముందే ఉంది కదా! వాళ్ళ తెలుగు చర్చి. ఏటా ఒక పేద విద్యార్థిని రప్పించి, ఎవరో ఒకరి ఇంట్లో ఉంచి చదివించడం ఆ చర్చి ఆనవాయితీ. "మా డోడోమా స్కూల్ డానియేల్ మాస్టారి అమ్మాయి, పేరు రూత్" అని లూసీ ఫోన్‌లో చెప్పిందో లేదో, కార్యదర్శి సుందర్ రాజ్ గారు, "ఎక్కడో ఎందుకమ్మా, మా ఇంట్లోనే ఉంటుంది, గది ఖాళీయే!" అన్నారు. ఆ నెలంతా లూసీకి ఆదివారాలు హాస్పిటల్ డ్యూటీలే పడ్డాయి, చర్చికి వెళ్ళనే లేదు. కానీ ప్రతి వారమూ అక్కడ రూత్ పేరు చదివి, అందరూ మోకరించి ప్రార్థిస్తున్నారని విని మురిసిపోయింది.

సుందర్ రాజ్ గారి భార్య ప్రేమజ్యోతి ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

"పిల్ల పొడుగేనా లూసీ?"

"నా కంటే పొడుగే వదినా." మంచం సరిపోతుందో లేదోనని అడుగుతోంది కాబోలనుకుంది లూసీ.

"వంటా అదీ వచ్చా?"

"పప్పుచారు నేనే నేర్పాను. భలే కాస్తుంది."

"పాటలు?"

"స్కూల్ క్వయర్‌లో దానిదే పైగొంతు."

ప్రేమజ్యోతి సంతోషం పట్టలేక ఆ గదికి గులాబీ పూల గుడ్డతో కర్టెన్లు కుట్టేసింది. చర్చి నోటీస్ బోర్డు మీద పెడతాం, పిల్ల ఫోటో తెప్పించమంది. లూసీ తెప్పించి పంపింది. అంతే, ఆ రోజు నుంచి ఫోన్లు బంద్.

మళ్ళీ మోగింది ఈ శనివారమే. "వద్దులే" అన్నాక లూసీ ఊరుకుంటుందా? కారణం చెప్పేదాకా వదలనంది. సుందర్ రాజ్ గారు నీళ్ళు నమిలారు.

"అది కాదమ్మా. డానియేల్ మాస్టారంటే మన తెనాలి వైపు నుంచి వెళ్ళిన వాళ్ళనుకున్నాం. ఆ దేశాల్లో మన టీచర్లు బోలెడుమంది ఉన్నారాయె. మా ప్రేమ వాళ్ళ అన్నయ్య కొడుకు శాంటా క్లారాలో ఇంజనీరు, వాడికి సంబంధం కూడా... సరే, అదలా ఉంచు. పేరు చూసి పొరపడ్డాం."

ఓరి దేవుడా, పొడుగులూ పప్పుచార్లూ ఇందుకా! లూసీకి అరికాలి మంట నెత్తికెక్కింది. రూత్, డానియేల్, ఈ పేర్లేమైనా తెనాలిలో పుట్టాయా? మనం బైబిల్లోంచి తెచ్చి పెట్టుకున్నట్టే ఆ ఆఫ్రికా వాళ్ళూ పెట్టుకున్నారు. పేరు చూసి నెత్తిన పెట్టుకున్న పిల్లని మొహం చూసి దించేస్తారా? పోనీ ఆ మాటైనా సూటిగా అంటారా అంటే, అదీ లేదు.

"కల్చర్ డిఫరెంట్ కదమ్మా. నైబర్‌హుడ్‌లో అడ్జస్ట్‌మెంట్ ప్రాబ్లమ్ అవుతుంది. ఫుడ్ కూడా..."

"పప్పుచారు కాస్తుందని చెప్పాను కదండీ!" అని అరిచి, లూసీ ఫోన్ పెట్టేసి గిన్నెల మీద పడింది.

మర్నాడు డ్యూటీ మార్పించుకుని చర్చికి వెళ్ళింది. అమెరికన్ల ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం ఆ హాలు తెలుగువాళ్ళకిస్తారు. నోటీస్ బోర్డు మీద రూత్ ఫోటో లేదు. దానికి గుచ్చిన పిన్నులు మాత్రం అలాగే ఉన్నాయి.

దేవుడు తమకి చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. సుందర్ రాజ్ గారు మైకు పట్టుకుని, ఏటా చెప్పేదే మళ్ళీ చెప్పారు. తను చదువుకోడానికి వచ్చిన కొత్తలో టెక్సస్‌లో ఎవరూ గది అద్దెకివ్వలేదట. గుమ్మంలో తన మొహం చూసి తలుపులు వేసుకునేవారట. చివరికి ఒక ముసలమ్మ మాత్రం లోపలికి రా నాయనా అందట. సగం హాలు కళ్ళు తుడుచుకుంది. లూసీ పళ్ళు పటపట కొరికింది. నిన్న రూత్‌ని వద్దులే అన్నది ఈ నోరేనా అనుకుంది.

సాక్ష్యం ముగించి, ఆయన ఆ వారం ఎవరెవరి కోసం ప్రార్థించాలో పేర్లు చదివారు. రూత్ పేరు లేదు. లూసీ లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఒక పేరు వదిలేశారు."

"తర్వాత మాట్లాడుకుందాం లూసమ్మా."

"వద్దండీ, ఇక్కడే. నెల్లాళ్ళు మీరంతా మోకాళ్ళ మీద పడి రూత్ రావాలని దేవుణ్ణి అడిగారు. సీటుంది, గదుంది, గదికి కర్టెన్లు కూడా వేలాడుతున్నాయి. ఇప్పుడు వద్దంటున్నారు. మంచిది. అడగడం మైకులో అడిగారు కదా, వద్దనడం కూడా మైకులోనే అనండి. 'ప్రభువా, మా పిల్లే అనుకుని అడిగాం, తీరా చూస్తే నల్లపిల్ల, మా ప్రార్థన మాకు వెనక్కిచ్చెయ్' అని చెప్పండి. మేమంతా ఆమెన్ అంటాం."

ప్రేమజ్యోతి తల దించుకుంది. సుందర్ రాజ్ గారి మొహం కందగడ్డలా అయింది. అలవాటైన నోరు కదా, కళ్ళు మూసుకుని మొదలైతే పెట్టారు.

"ప్రేమగల తండ్రీ, నీ చిత్తమైతే ఆ సహోదరికి మరొక ద్వారం..."

"సూటిగా అన్నయ్యగారూ! ఏ ద్వారం ఎందుకు మూశారో అది చెప్పండి ముందు."

ఆయన ఆగిపోయారు. ఒక్కరి నోటి నుంచీ ఆమెన్ రాలేదు. ముందు వరసలో తెల్లచీర కట్టుకుని కూర్చున్న కరుణమ్మ గారు, సుందర్ రాజ్ గారి తల్లి, కుర్చీ పట్టుకుని లేచారు.

"ఒరేయ్ సుందరం, మీ నాన్నని బడి గుమ్మం అవతల మట్టిలో కూచోబెట్టేవాళ్ళు. ఎందుకో నీకు తెలీదా? ఆ కారణాన్నే నువ్వు నిన్న ఫోన్‌లో ఇంగ్లీషులో చెప్పావు, పక్క గదిలోంచి విన్నాన్రా. నా కడుపున పుట్టినవాడు అనాల్సిన మాటేనా అది? ఆ పిల్లని రమ్మను. నేను బతికుండగా ఆ గది తలుపు వెయ్యనివ్వను."

పాస్టర్ గారు ఏం చెయ్యాలో తోచక ముగింపు పాట అందుకున్నారు.

పాట అయ్యాక వరండాలో సుందర్ రాజ్ గారు పూచీ కాగితం మీద కార్యదర్శి హోదాలో సంతకం పెట్టి, కళ్ళు కలపకుండా లూసీ చేతికిచ్చారు. లూసీ థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నెల్లాళ్ళ కిందట ఇస్తానన్నదే కదా ఇచ్చింది. ఒళ్ళింకా మండుతూనే ఉంది.

"నా మనసులో ఏమీ లేదమ్మా," అన్నారాయన మెల్లగా. "పదిమందీ ఏమనుకుంటారోనని..."

లూసీ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"ఆ పదిమందీ ఇందాక లోపలే ఉన్నారు కదండీ. ఒక్కరైనా ఆమెన్ అన్నారా?"