వేళ్ళ మధ్య తడి

అయినా పొద్దస్తమానం చేపల కంపులో మునిగి తేలే మనిషికి నా కాళ్ళ కంపు ఎలా పట్టిందో, ఏం ముక్కది, ఆ ముక్కుని పట్టుకెళ్ళి మంచుగడ్డల కింద పాతెయ్యాలి, సూపర్‌వైజరంట సూపర్‌వైజరు, వ్యాన్‌లో అందరి ముందూ, ఏంటమ్మా ఆ కాళ్ళు, అందులో ఏమైనా చచ్చిందా, దిగు, నడిచి పో అన్నాడు, దిగాను, దిగక ఏం చేస్తాను, షిఫ్టంతా గమ్‌బూట్లలో నాని పాలిపోయిన వేళ్ళ మధ్య మంట తట్టుకోలేక కాసేపు షూ విప్పానంతే, అదే నేను చేసిన నేరం, తలుపు మూసుకుంటుంటే లోపల ఒకటే నవ్వులు, అందరికంటే పెద్దగా నవ్వింది నా తోడికోడలు, ముక్కు మూసుకుని మరీ, ఆ చేపల షెడ్డులో దానికి పని ఇప్పించింది నేను, కత్తి పట్టడం నేర్పింది నేను, ఇంటికి వెళ్ళాక దాని సంగతి చెప్తాను, ఇవాళ అదో నేనో తేలిపోవాలి, మళ్ళీ దురద, నడిచే కొద్దీ షూలో నిప్పులు పోసినట్టుంది, ఈ కాళ్ళని నరికి అవతల పారేస్తే పీడా పోతుంది, అదిగో చర్మం డాక్టరమ్మ బోర్డు, రోజూ వ్యాన్ కిటికీలోంచి చూసి తల తిప్పుకునే బోర్డే, ఇవాళ మెట్లెక్కేశాను.

డాక్టరమ్మ ముక్కు మూసుకోలేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది, ఇన్నాళ్ళూ ఏం రాశావు అంటే మందుల షాపువాడు ఇచ్చిన ట్యూబు చూపించాను, రాసినప్పుడల్లా హాయిగా ఉండేది, మానేస్తే రెట్టింపు అయ్యేది, ఆవిడ దాన్ని చెత్తబుట్టలోకి విసిరేసి, ఇందులో స్టెరాయిడ్ కలిపారమ్మా, ఇది దురదని జోకొట్టి ఫంగస్‌ని మేపుతుంది అంది, అంటే నా డబ్బుతో నా కాళ్ళ మీదే దాన్ని మేపించాడా ఆ నవ్వుమొహం షాపువాడు, నేను శుభ్రంగానే ఉంటానండీ, రక్తం వచ్చేదాకా తోముకుంటాను అన్నాను, తోమితే పోదు, ఆరబెట్టాలి, వేలికీ వేలికీ మధ్య పొడిగా తుడువు, ఆ తువ్వాలు ఇంకెవరికీ ఇవ్వకు, నూలు మేజోళ్ళు వేసుకో, రోజూ మార్చు, దురద తగ్గింది కదా అని నేను రాసిచ్చే మందు మధ్యలో ఆపకు, అదే అందరూ చేసే పొరపాటు, ఇంతకీ ఆ బూట్లు నీవేనా అంది, నావేంటండీ, షెడ్డువి, అరలో ఏ జత చేతికొస్తే అది, ముందు షిఫ్టువాళ్ళ కాళ్ళ వెచ్చదనం పోకముందే మేం కాళ్ళు దూరుస్తాం, అడుగు వేస్తే లోపల నీళ్ళు చప్పుడు చేస్తాయి, ఆవిడ రాస్తున్నదల్లా పెన్ను ఆపి, మరి నువ్వొక్కదానివే వచ్చావేం, మిగతావాళ్ళేరీ అంది.

మిగతావాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు అనబోయి, చీటీ తీసుకుని మెట్లు దిగాను, ఇంటికొచ్చి మా గదిలోకైనా వెళ్ళకుండా గోడ అవతల తోడికోడలి గది తలుపు తోశాను, నోటి నిండా తిట్లు పేర్చుకునే వచ్చాను, అది గబుక్కున కాళ్ళ మీదికి దుప్పటి లాక్కుంది, గదంతా పౌడరు వాసన, దాని కింద ఇంకో వాసన, నాకు బాగా తెలిసిన వాసన, దుప్పటి పట్టి లాగేశాను, వద్దక్కా, వద్దు, చూడకు అంటోంది, వేళ్ళ మధ్య పచ్చి పుండ్లు, తడిసి ముద్దకట్టిన పౌడరు, ఎడమ పాదం చీలమండ దాకా ఎర్రగా వాచి ఉంది, నావే నయం, మరి ఎందుకే నవ్వావు అన్నాను, నవ్వకపోతే తర్వాత ఆ సూపర్‌వైజరు నావంక చూస్తాడని అక్కా, చేపలు కోసే మన బల్ల దగ్గర అందరికీ ఉంది, ఒక్కరూ బయటపడరు, పని పోతుందని భయం, అంది, చెంప పగలగొట్టాలని వచ్చిన చెయ్యి దాని పాదం మీద ఆగింది, కాలిపోతోంది, జ్వరం కూడా ఉన్నట్టుంది, లే, చెప్పులేసుకో, డాక్టరమ్మ ఇంకా ఉంటుంది అన్నాను, అది నా భుజం పట్టుకుని లేస్తుంటే కోపం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు, ఇంకా మండిపోతోంది, కాకపోతే ఇది కాళ్ళు దాచుకున్నవాళ్ళ మీది కోపం కాదు, నా మీద నాకున్న అసహ్యం అసలే కాదు, ఒకరి బూట్ల తడిలోకి ఇంకొకరిని దింపి, ఆ కంపుకి మమ్మల్నే సిగ్గుపడమన్నవాడి మీది కోపం, ఇన్నాళ్ళకి ఈ కోపం చేరాల్సిన చోటు నాకు తెలిసింది.