తొమ్మిది షాపులూ అయిపోయాయండి

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి. తొందరగా చెప్పమంటే మాత్రం నావల్ల కాదు.

ఇది రెండు వేల ఐదు మార్చిలో సంగతి. మా ఆయన కొల్లేటికోటలో చేపల చెరువులకి కాపలా ఉండేవాడు. ఆయన పోయాక నేను ఏలూరు వచ్చి పాపారావు గారి హెడ్డాఫీసులో ఊడవడానికి, టీ పెట్టడానికి కుదిరాను. పాపారావు గారికి ఫ్యాన్లు, మిక్సీలు, కుక్కర్లు అమ్మే షాపులు తొమ్మిది. భార్య పేరు మీద శ్రీ భాగ్యలక్ష్మి హోమ్ నీడ్స్ అని పెట్టారు. ఏలూరులో రెండు, మిగతావి భీమడోలు, తాడేపల్లిగూడెం, గణపవరం, నిడమర్రు, ఆకివీడు, కైకలూరు, కలిదిండి. షాపుకో కంప్యూటరు. తొమ్మిదింటికీ కలిపి చూసే మనిషి మాత్రం ఒక్కడే, ఫహీమ్.

నాకు అక్షరాలు నేర్పింది ఆ ఫహీమే. జాలిపడి కాదు. ఒకసారి అతని బల్ల మీది కాయితాన్ని చెత్త అనుకుని ఊడ్చి పారేశాను. తొమ్మిది షాపుల పాస్‌వర్డులూ అందులోనే ఉన్నాయట. "పిన్నీ, మీకు చదువొస్తే ముందు బాగుపడేది నేనే," అని మర్నాటి నుంచి భోజనాలయ్యాక పాడైన బిల్లుల వెనకాల అఆలు దిద్దించాడు. అలా బిల్లుల మీద నేర్చుకున్నానేమో, ఏ బిల్లు కనబడినా పైనుంచి అడుగున ఉన్న చిన్న అంకెల దాకా చదవందే వదలను.

ఏప్రిల్ ఒకటి నుంచి వ్యాట్ అని కొత్త పన్ను వస్తోందన్నారు. ఆ రోజు నుంచి బిల్లులు కొత్త పద్ధతిలో రావాలి. అంటే అన్ని కంప్యూటర్లలోనూ పాత ప్రోగ్రాం తీసేసి కొత్తది ఎక్కించాలి. పాతదాని నంబరు 3.2, కొత్తదాని నంబరు 4.0. ఆ నంబరు తెర మీద కింద కుడిమూల కనబడుతుంది, బిల్లు అడుగున కూడా పడుతుంది. నెట్‌లో పంపుదామంటే అప్పట్లో మా షాపుల్లో సగంవాటికి ఫోనే సరిగ్గా పలికేది కాదు. అందుకని ఫహీమ్ ఏలూరు షాపులు రెండూ తనే మార్చేసి, మిగతా ఏడింటికీ సీడీలు తయారుచేసి, ఏది తర్వాత ఏది నొక్కాలో తెలుగులో కాయితం రాసి పెట్టి, బస్సుల్లో పార్సిలు పంపాడు. వారం పోయాక ఫోన్లు చేశాడు.

"సీడీ ఎక్కించారాండీ?"

"అయిపోయిందండి."

"కింద మూల నాలుగు చుక్క సున్నా అని కనబడుతోందాండీ?"

"భేషుగ్గా కనబడుతోందండి. మీరు భోంచేశారా?"

ఏడు షాపులదీ ఇదే మాట. ఫహీమ్ గోడ మీది కాయితంలో తొమ్మిది టిక్కులు పెట్టుకుని పాపారావు గారి గదిలోకి వెళ్లి, "తొమ్మిది షాపులూ అయిపోయాయండి," అని చెప్పాడు. ఆయన పూతరేకులు తెప్పించారు. నేను రెండు తిన్నాను.

ఇరవై నాలుగో తారీకున నేను ఆఫీసు కిందున్న షాపులోకి టీ తీసుకెళ్లేసరికి ఒకాయన పాడైన మిక్సీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందురోజే తాడేపల్లిగూడెం షాపులో కొన్నాడట. బిల్లు కౌంటరు మీద ఉంది. ఊరుకుంటానా, చదివాను. ఆయన్ని అడిగి ఆ బిల్లు పట్టుకుని పైకెళ్లాను.

"బాబూ, గూడెంలో అయిపోయిందన్నావుగా? దీనిమీద మూడు చుక్క రెండు అని ఉందేంటి?"

మెల్లిగా అడగాల్సింది. పాపారావు గారు తలుపు దగ్గరే ఉన్నారు. బిల్లు తీసుకుని చూశారు.

"ఏమయ్యా, అయిపోయిందన్నావు?"

"వాళ్లు అయిపోయిందన్నారండి."

"ఏప్రిల్ ఒకటిన ఒక్క షాపులో పాత బిల్లు వచ్చినా, రెండో తారీకు నుంచి మన కంప్యూటర్లు విజయవాడ కంపెనీ వాళ్లు చూసుకుంటారు. నువ్విక రానక్కర్లేదు."

గొంతు పెంచలేదు. మావైపు పెద్దమనిషి గొంతు పెంచలేదంటే నిజంగానే అంటున్నాడని అర్థం.

ఫహీమ్ మళ్లీ ఏడు ఫోన్లు చేశాడు. ఏడుచోట్లా అయిపోయిందండి. నిడమర్రు వాళ్లయితే, "మీరు అడుగుతున్నారని ఇంకోసారి కూడా ఎక్కించామండి," అన్నారు. ఫోను పెట్టేసి తలపట్టుకు కూర్చున్నాడు.

"పిన్నీ, ఇంక వారమే ఉంది. ఇక్కడ అన్ని షాపుల లెక్కలూ ఉండే పెద్ద మెషీను మార్చడానికే మూడు రోజులు పోతాయి. ఏడు ఊళ్లూ తిరగలేను. ఎక్కడ కాలేదో తెలిస్తే అక్కడికే పోతాను. కానీ నిజం ఎవరు చెబుతారు?"

"నేను వెళ్లి చూసొస్తాను. కంప్యూటర్లు తుడవడానికి హెడ్డాఫీసు వాళ్లు పంపారంటాను. ఊడ్చేదానికి మర్యాద కోసం అబద్ధాలు ఎవరు చెబుతారు?"

అతను నా మొహం చూసి, నోట్‌బుక్కు చేతికిచ్చాడు. "మూల ఏముందో అదే దించుకురండి. ఏముండాలో అది కాదు."

రెండు రోజులు తిరిగాను. సంచిలో పాత పంచె గుడ్డలు, ఒక సీసాలో సబ్బునీళ్లు. ప్రతిచోటా తెర తుడిచి, మూలనున్న అంకెల్ని ముగ్గు గీతల్లా చూసి చూసి గీసుకున్నాను. గణపవరం, భీమడోలు బాగానే ఉన్నాయి. నిడమర్రులో రెండుసార్లు ఎక్కించామన్న సీడీ పార్సిలు కవరు కుట్టు కూడా విప్పలేదు. ఆకివీడులో కంప్యూటరుకి వేడి చేస్తుందని మధ్యాహ్నాలు ఆపేసి, దానిమీద తడిగుడ్డ కప్పుతున్నారు; సీడీ పెడితే ఇంకా వేడెక్కుతుందని దాని జోలికే పోలేదు. కైకలూరులో సీడీ పెట్టే అర ఎక్కడుందో తెలియక, అడిగితే బాగోదని ఊరుకున్నారు.

కలిదిండిలో షాపు చూసే విజయ్‌కుమార్ గారు మంచి మనిషి. మజ్జిగ ఇప్పించారు. తెర మీద మూడు చుక్క రెండే ఉంది.

"హెడ్డాఫీసు నుంచి బిళ్ల వచ్చిందంటగా, అదేదండీ?" అన్నాను.

ఆయన వెనక తలుపు తీసి చూపించారు. షాపు వెనకే వాళ్ల మామగారి చేపల చెరువు. చెరువుకి అడ్డంగా తీగ కట్టి ఉంది. తీగకి ఏడెనిమిది సీడీలు వేలాడుతూ ఎండకి తళతళమంటున్నాయి.

"నీటికాకులు చేపపిల్లల్ని బతకనివ్వట్లేదమ్మా. మెరిసేదేదైనా కడితే రావన్నారు. మనదీ కట్టాం. ఆ మూడోది."

"వస్తున్నాయాండీ?"

"మనది కట్టాక ఒక్కటీ రాలేదు. హెడ్డాఫీసు సరుకు కదా!"

"మరి ఫోన్లో అయిపోయిందన్నారట?"

"హెడ్డాఫీసు నుంచి అంత మర్యాదగా అడుగుతుంటే కాలేదని ఎలా అంటామమ్మా? బాగోదు కదా."

చివరికి తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ షాపు చూసేది నిత్యానందం గారు, పాపారావు గారి బావమరిది. నేను వెళ్లేసరికి ఆయన భోజనానికి వెళ్లారు. తెర చూస్తే నాలుగు చుక్క సున్నా. ఫహీమ్ బతికాడనుకున్నాను. నోట్‌బుక్కులో అలాగే గీసుకుని, వచ్చినందుకు తుడవాలి కాబట్టి గుడ్డ తడిపి మూల గట్టిగా తుడిచాను. నాలుగు చుక్క సున్నా గుడ్డతో పాటు ఊడొచ్చింది.

నా ప్రాణం పోయింది. కంప్యూటరు పాడుచేశాననుకున్నాను. తీరా చూస్తే అది తెల్లకాయితం ముక్క. బాల్‌పెన్నుతో రాసి, బంకతో అద్దానికి అంటించారు. దాని కింద మూడు చుక్క రెండు చల్లగా కూర్చుని ఉంది. ఆ ముక్కని నోట్‌బుక్కులో అంటించుకుని బస్సెక్కాను.

ఏడింటిలో అయిదు కాలేదు. ఫహీమ్ పెద్ద మెషీను పని ముగించి, మిగిలిన రోజుల్లో పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు చొప్పున నాలుగు షాపులు మార్చాడు. కలిదిండిలో చెరువులోకి దిగి సీడీ విప్పుకున్నాడట. దాని బదులు వాళ్లకి పాత సినిమా సీడీలు రెండు ఇచ్చి వచ్చాడు. గూడెం ఒక్కటే మిగిలింది. నిత్యానందం గారు ఫోన్లోనే, "మీరు రానక్కర్లేదండి, అయిపోయిందన్నానుగా. నా మాట మీద నమ్మకం లేకపోతే బావగారినే అడగండి," అన్నారు. యజమాని బావమరిదిని కాదని ఎలా వెళతాడు? రేపు, రేపు అంటూ ముప్పయ్యో తారీకు వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం సరుకు కోసం నిత్యానందం గారే ఏలూరు వచ్చారు. పాపారావు గారి ఎదుట కుర్చీలో కూర్చుని ఉండగా ఫహీమ్‌కి పిలుపు వచ్చింది. నేను టీ పళ్లెంతో వెళ్లాను.

"అన్ని షాపులూ అయ్యాయా?"

ఫహీమ్ నిత్యానందం గారి వంక చూశాడు. ఆయన టీలో పంచదార కలుపుకుంటున్నారు. ఫహీమ్ నేల చూపులు చూస్తూ అన్నాడు కదా, "అయిపోయాయండి."

అదే మాట! అయిదు షాపుల వాళ్లు తనని ఏ మాటతో ముంచారో ఆ మాటే! ఎల్లుండి పాత బిల్లు వస్తే ఉద్యోగం పోయేది ఇతనిదే. ఇతనూ ఏలూరు వాడేగా, ఎదుటి మనిషి నొచ్చుకుంటాడని తన అన్నంలో తనే మట్టి పోసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"కాలేదండి," అన్నాను.

పాపారావు గారు నన్ను అప్పుడే చూసినట్టు చూశారు. "ఏది కాలేదు?"

"గూడెం కాలేదండి."

"బావగారూ," అన్నారు నిత్యానందం గారు నవ్వుతూ, "నిన్నగాక మొన్న అఆలు నేర్చుకున్న మనిషి చదివిందట, మీరు నమ్ముతారటండీ?"

"నేను చదవలేదండీ బాబూ. బొమ్మ గీసినట్టు గీసుకొచ్చాను. ఇదిగో, ఇదైతే గీయనక్కర్లేకుండా దానంతటదే ఊడొచ్చింది." నోట్‌బుక్కు తెరిచి ఆ ముక్క చూపించాను.

పాపారావు గారు కళ్లజోడు పెట్టుకుని చూసి, బావమరిది వైపు తిరిగారు. "ఇది నీ రాతే కదూ?"

నిత్యానందం గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. "ఆ అబ్బాయి ఫోన్ చేసి నాలుగు చుక్క సున్నా కనబడుతోందా అని అడిగాడండి. కనబడంది కనబడుతోందని ఎలా చెప్పమంటారు? అబద్ధం కదండీ. అందుకని కనబడేలా చేసి చెప్పాను."

పాపారావు గారు కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాం. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ ఇటు తిరిగితే తెలిసింది, నవ్వుతున్నారని.

"మరి ఎక్కించడానికేం?"

"రెండేళ్ల క్రితం ఇలాగే ఏదో ఎక్కిస్తే మూడు రోజులు ఆగిపోలేదటండీ? మీరొచ్చి గిరాకీల ముందు నన్ను నానా మాటలూ అన్నారు. అప్పటినుంచి దాన్ని ముట్టుకోవాలంటే భయం."

"భయమేస్తోందని చెప్పొచ్చుగా?"

"మీతోనా అండీ?"

పాపారావు గారు నవ్వడం మానేశారు. కాసేపు టీ గ్లాసు అటూ ఇటూ తిప్పి, "రేపు పొద్దున్నే అందరం గూడెం వెళదాం," అన్నారు. అందరిలో నేనూ ఉన్నానని కారు తలుపు తీసిపెట్టాకే నమ్మాను.

గూడెంలో ఫహీమ్ సీడీ పెట్టాడు. తెర మీద పచ్చ గీత మెల్లిగా పాకుతోంది. ముప్పావు వంతు దాటిందో లేదో కరెంటు పోయింది. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. నిత్యానందం గారు ఆ పెట్టెని రెండు చేతులా పసిబిడ్డలా పట్టుకున్నారు.

"ఇది ఎంతసేపు ఆగుతుంది?" అన్నారు పాపారావు గారు.

"పదిహేను నిమిషాలండి."

"మనకెంత కావాలి?"

ఫహీమ్ గీత వంక చూశాడు. "తెలీదండి."

పాపారావు గారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. నలుగురం ఆ గీతనే చూస్తూ ఉన్నాం. ఒక గిరాకీ వచ్చి కుక్కరు రబ్బరు అడిగితే, నలుగురం ఒక్కసారే "ఉండండి!" అని కసిరాం. పదో నిమిషంలో గీత నిండింది. మూల నాలుగు చుక్క సున్నా వచ్చింది. నిత్యానందం గారు గోటితో గీకి చూశారు. ఊడలేదు.

మర్నాడు ఏప్రిల్ ఒకటి. తొమ్మిది షాపుల నుంచీ మొదటి బిల్లు అడుగునున్న నంబరు ఫోన్లో చదివించుకున్నారు. తొమ్మిదీ కొత్తవే. సాయంత్రం పాపారావు గారు ఫహీమ్‌ని పిలిచారు.

"వాళ్లు నీకు అబద్ధం చెప్పారు. నువ్వు నాకు చెప్పావు. నేను అరుస్తాననేగా?"

ఫహీమ్ తలూపాడు.

"ఉద్యోగం ఉంటుంది. కానిది కాలేదని చెప్పగలిగితేనే. ఆ కలిదిండి ప్రింటరు మధ్యాహ్నం పాడైందటగా, రేపటికి బాగవుతుందా?"

నేను గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడిపోయాను.

"అవదండి," అన్నాడు ఫహీమ్. "సోమవారం అవుతుంది."

"సరే, సోమవారం," అని పాపారావు గారు ఫైలు తీసుకుని చదువుకోసాగారు. ఫహీమ్ బయటికొచ్చి, వరసగా మూడు గ్లాసుల మంచినీళ్లు తాగాడు.

మణెమ్మ, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది కైకలూరులో.