మూడో నంబరు డబ్బా

సకల జనుల సమ్మె మొదలైన మూడో రోజున సంజీవకు తన ఇంట్లోని కాగితాలు కనిపించాయి. పద్నాలుగేళ్లుగా జనగామలో ఒక సర్కారు ఆఫీసులో ఊరందరి ఫైళ్లూ సర్దిన మనిషి. ఇప్పుడు పొద్దున శిబిరంలో కూర్చొని నాలుగు నినాదాలిచ్చి పదకొండుకల్లా ఇంటికి వస్తున్నాడు. పని లేని గుమాస్తా కన్ను బీరువా మీద పడింది.

"లీలా, మన కాగితాలన్నీ కంప్యూటర్ల ఎక్కిస్త. ఏది కావాలన్నా పేరు కొడితే చాలు, ఎక్కడున్నదో అదే చెప్తది."

"ముందుగాల నా పదో తరగతి మెమో తీసి చేతుల పెట్టు," అంది భార్య లీలావతి.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పోస్టుకు ఆమె పేరు జాబితాలో వచ్చింది. సమ్మె అయిపోయి ఆఫీసులు తెరిచాక ఒరిజినల్స్ చూపించాలి. చూపించకపోతే వెనక ఉన్నవాళ్లకు పిలుపు పోతుంది.

"గదే చెప్తున్న. ముందుగాల సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలె."

భార్య ఒక చీరకు మూడు దుకాణాలు తిరిగితే నవ్వే సంజీవ, బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అకీల్ దగ్గరికి తొమ్మిది సార్లు వెళ్లాడు. అకీల్ మూడు సాఫ్ట్‌వేర్లను ఒకే సీడీలో వేసి ఇచ్చాడు. మూడూ నెల రోజులు ఉచితం. ఆ తర్వాత ఏం చేయాలో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మొదటిది కాగితాలను అరల్లో పెట్టమంటుంది. రెండోది పనులుగా విడగొట్టమంటుంది. మూడోది అసలు అరలే వద్దు, ఒక్కో కాగితానికి ఎన్ని గుర్తులైనా తగిలించుకోమంటుంది. కరెంటు లేనప్పుడల్లా సంజీవ వీటి గురించే ఆలోచించాడు. ఆ రోజుల్లో కరెంటు ఎక్కువగా ఉండేది కాదు కాబట్టి ఆలోచన బాగా ముదిరింది. లీలావతి ఆపరేషన్ కాగితం ఆరోగ్యమా, కుటుంబమా? పెండ్లి పత్రిక డాక్యుమెంటా, ప్రాజెక్టా?

"పెండ్లయి ఎన్నేండ్లాయె అన్నా?" అడిగాడు అకీల్.

"పదహారు."

"అయితే నడుస్తున్న ప్రాజెక్టే. అయిపోయినట్టు టిక్కు పెట్టినవనుకో, వదిన చూస్తే పరేషాన్ అయితవ్."

దసరా వెళ్లేసరికి మూడోది ఖాయమైంది. సంజీవ ఇంట్లో మూత గట్టిగా ఉన్న డబ్బాలన్నీ పోగేసి, నంబర్లు అంటించి, ఏ కాగితం ఏ డబ్బాలో ఉందో ఎక్కించాడు. చదువు కాగితాలు మూడో నంబరులోకి వెళ్లాయి. అది సద్దుల బతుకమ్మ నాడు ఎదురింటి భాగ్యమ్మ సత్తుపిండి పంపిన ఆకుపచ్చ డబ్బా. మంచి డబ్బా.

సమ్మె ఆగింది. ఆ మధ్యాహ్నమే ఫోన్ వచ్చింది. రేపు పది గంటలకు ఒరిజినల్స్‌తో రావాలి.

సంజీవ ఇంట్లో వాళ్లందరినీ పిలిచి కంప్యూటర్ ముందు నిలబెట్టి, రెండు అక్షరాలు కొట్టాడు. రెండు సెకన్లలో జవాబు వచ్చింది: పదో తరగతి మెమో, లీలావతి, మూడో నంబరు డబ్బా, సజ్జ మీద, ఎడమ పక్క.

సజ్జ మీద ఎడమ పక్క దుమ్ములో డబ్బా అడుగంత నలుచదరపు గుర్తు ఉంది.

"గా ఆకుపచ్చదా?" అంది సంజీవ తల్లి. "గది భాగ్యమ్మది గద. ఆమె తన కోడలిని పంపితే ఇచ్చేసిన."

"లోపల కాగితాలున్నయి గదనే అవ్వా."

"ఏదో ఉన్నదని మోస్తే ఎరికైంది. వట్టి డబ్బా వాపస్ ఇయ్యొద్దని నీ పెండ్లాం ఏదో పెట్టిందనుకున్న. పోనీ, మనింటి ఇజ్జత్ దక్కిందనుకున్న."

లీలావతి మంచం మీద కూర్చుంది. "అందుకేనా పది రోజుల సంది భాగ్యమ్మక్క నన్ను చూసి మొఖం తిప్పుకుంటున్నది," అంది. కాసేపటికి లేచి, కిలో చక్కెర కొంగు చాటున పెట్టుకొని బయలుదేరింది. వెనక సంజీవ.

భాగ్యమ్మ గడపలోనే నిలబడింది. "రాండ్రి. సత్తుపిండి పంపితే కాగితాలు పంపినరు. మా ఇంట్ల కాగితాలకు కరువున్నదా?"

"అవ్వకు తెల్వక ఇచ్చింది అక్కా. అవి ఉన్నయా?" అడిగింది లీలావతి.

"ఉండక యేడ పోతయి. పొయ్యిల పెడుదుననుకున్న. తీరా చూస్తే నీ మార్కులు. లెక్కల్ల ముప్పై ఏడు." భాగ్యమ్మ గొంతు తగ్గించింది. "ఇన్నేండ్ల సంది ఫస్ట్ క్లాసంటివి గదనే. ఎవరి కంటనన్నా పడితే నీ పరువు పోతదని బియ్యం డబ్బాల దాచిన."

లీలావతి వాళ్ల వంటింట్లోకి నడిచింది. బియ్యంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, మెమో తీసి, పైట చెంగుతో రెండు వైపులా తుడిచి, రవికెలో పెట్టుకుంది.

"మొత్తం పదకొండు కాగితాలుండాలె," అన్నాడు సంజీవ.

ఇద్దరూ అతని వైపు చూశారు. అతను లీలావతి దగ్గరున్న చక్కెర పొట్లం తీసి భాగ్యమ్మకు ఇచ్చి ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం లీలావతి తిరిగి వచ్చింది. "చూసినరు. సంతకం పెట్టిచ్చుకున్నరు. ఆర్డర్ ఇంటికే పంపుతరట."

సంజీవ అప్పటికే రేకు డబ్బా ఒకటి సొంతంగా కొని, మూడో నంబరు అంటించి పెట్టాడు. చెయ్యి చాపాడు. "మెమో ఇటు తే, లోపల పెడత."

"తేలే. భాగ్యమ్మక్క బియ్యం డబ్బాలనే పెట్టొచ్చిన."

"అదేంది?"

"అక్కడైతే దొరుకుతది."

సంజీవ స్విచ్చు వేసి చూశాడు. కరెంటు ఉంది. కంప్యూటర్ తెరిచి, మూడో నంబరు డబ్బాను కొట్టేసి, "భాగ్యమ్మ బియ్యం" అని రాశాడు. సాఫ్ట్‌వేర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

"లీలా," అని వంటింట్లోకి కేకేశాడు, "పైననా, అడుగుననా?"