అంజనంలో కనపడిన మొహం

మా వదిన సీతారావమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది. అంటే తలకి బదులు కాళ్ళు ముందొచ్చాయన్నమాట. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ, మా వైపు అలా పుట్టినోళ్ళకి గిరాకీ ఎక్కువ. నడుం పట్టేస్తే వాళ్ళ చేత తొక్కించుకుంటే వదిలిపోద్దని నమ్మకం. కోతల రోజుల్లో పొద్దున్నే మా వాకిట్లో ఇద్దరు ముగ్గురు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. వదిన పేడ చేత్తోనే వచ్చి, "ఏం బాబాయ్, నిన్న బస్తా ఎత్తావా, పిన్నిని ఎత్తావా" అంటూ ఓ తొక్కు తొక్కి పోయేది.

రెండువేల ఒకటి, వానాకాలం. మా ఊరు తిరువూరికి అవతల, జిల్లా సరిహద్దుని ఆనుకుని ఉంటది. వాగు పొంగితే బస్సు రాదు. ఆ ఏడు మా వీధిలో పిల్లలకి జ్వరాలు పట్టుకున్నాయి. మా అన్న హనుమయ్య కొడుకు అఖిల్‌కి అప్పుడు నాలుగేళ్ళు. వాడికీ వచ్చింది. పొద్దున తగ్గుద్ది, సాయంత్రానికి ఒళ్ళు పెనంలా కాలిపోద్ది. ఆరెంపీ సూదులు వేశాడు, బిళ్ళలు ఇచ్చాడు, ఏం లాభంలేదు.

జోజమ్మ సంగతి చెప్పాలి. ఊరి చివర మామిడితోట కంచె పక్కన ఒక్కతే ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మంత్రసాని. మా వీధిలో సగంమంది ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు, అఖిల్‌తో సహా. వాడికి జ్వరం వచ్చే ముందు రోజు చెంబు పట్టుకుని మా ఇంటికి మజ్జిగకొచ్చింది. "ఇవాళ చిలకలేదు, పో" అంది మా అమ్మ. కుండ నిండా ఉంది. జోజమ్మ పోతా పోతా అరుగు మీద ఆడుకుంటున్న అఖిల్ తల నిమిరింది.

మర్నాడు జ్వరం.

మా అమ్మకి ఆ మజ్జిగ లోపల్లోపల గుచ్చుకుంటానే ఉంది. "లేదన్నానని కడుపులో పెట్టుకుంది" అని మొదలెట్టింది. పక్కింటి వెంకటప్పయ్య అందుకున్నాడు. "మా దూడ చచ్చిన రోజు కూడా మా ఇంటి ముందు నుంచే పోయింది పిన్నీ" అన్నాడు. ఆవిడ రోజూ అందరి ఇళ్ళ ముందు నుంచే పోద్ది. ఊళ్ళో ఉన్నది ఒకటే దారి.

నేను చదివింది ఏడో క్లాసు. కానీ లారీ మీద చాలా ఊళ్ళు తిరిగాను. చేతబడి అన్న మాట ఎక్కడ పుట్టినా మనిషి మాత్రం ఒకటే. ఆడమనిషి, అదీ ఒంటిది, చివరి ఇల్లు. పెద్దరైతు పెళ్ళాం చేతబడి చేసిందని నేనెక్కడా వినలేదు. రోడ్డు పడిన ఊళ్ళో ఈ గోల తక్కువ, వాగు దాటాల్సిన ఊళ్ళో ఎక్కువ.

వదినేమో తిరువూరు తీసుకెళ్ళి రక్తం చూపిద్దామని మొత్తుకుంది. "అమ్మ ఒప్పుకోవాలిగా" అన్నాడు అన్న. "కారణాన్ని ఊళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి పోతే ఏం లాభం" అంది అమ్మ. వాగులో బస్సు దాటదు గానీ మా ట్రాక్టరు దాటుద్ది. దాని తాళం అమ్మ బొడ్లో ఉంది.

అవతలి జిల్లా నుంచి అంజనం వేసేవాణ్ణి పిలిపించారు. తమలపాకు మీద నల్లటి కాటుక నూనెతో మెత్తి పట్టుకుంటే, చెడు చేసినోళ్ళ మొహం అందులో కనపడుద్దంట. "నేను పేరు చెప్పను. ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళే చూడాలి. ఒక కష్టానికి ఒక్కసారే. చూసినోళ్ళ మాట తిరగేస్తే ఇంటికి అరిష్టం" అన్నాడు. అందరూ వదిన వైపు తిరిగారు. రేపు పొద్దున్నే అన్నారు.

ఆ సాయంత్రం వదిన గొడ్లచావిట్లో పాలు పిండుతా నన్ను పిలిచింది.

"మరిదీ, ఏం కనపడలేదంటే ఏమవుద్ది?"

"జోజమ్మ నీ కన్ను కట్టేసిందంటారు."

"కనపడిందంటే?"

పోయిన ఎండాకాలం అవతలి ఊళ్ళో ఒకావిడ పళ్ళన్నీ పీకేశారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదంట.

"ఎటు చూసినా గోడే" అంది వదిన. చెంబు నిండింది, ఆవిడ చెయ్యి ఆగలేదు. పాలు నేల మీదకి పోయాయి.

పొద్దున్నే వీధంతా మా వాకిట్లోనే ఉంది. జోజమ్మని తెచ్చి అరుగు కింద కూర్చోబెట్టారు. చెంబు చేతిలోనే ఉంది పాపం. వెంకటప్పయ్య గుడ్డలో ఏదో చుట్టి పట్టుకున్నాడు. కొస బయటికుంది, పట్టుకారు. వదిన అది చూసింది.

ఆకు చేతిలో పెట్టారు. "చివరి ఇల్లు కనపడతందా తల్లీ? తెల్లచీర?" అంటన్నాడు అంజనంవాడు.

వదిన ఆకుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"మొహం కనపడతంది" అంది.

"చెప్పు తల్లీ."

"బొట్టుంది."

జోజమ్మకి బొట్టు లేదు. జనం కదిలారు.

"ముక్కుపుడక ఉంది. ఎడం చెంప మీద మచ్చ."

మా అమ్మ మెల్లగా వదిన చెంప వైపు చూసింది. "ఎవరే అది?"

"నేనే అత్తయ్యా."

అబద్ధం కూడా కాదు. నూనె కాటుకలో ఎవరు చూసినా వాళ్ళ మొహమే కదా కనపడేది.

"మళ్ళీ చూడమనండి" అన్నాడు వెంకటప్పయ్య. అంజనంవాడు తల అడ్డంగా ఊపాడు. తిరగెయ్యకూడదని వాడే చెప్పాడాయె.

"తల్లే బిడ్డని తింటదా" అని ఎవరో గొణిగారు.

"తింటన్నానుగా, అందుకే నా నీడ పడనివ్వొద్దు" అంది వదిన. "ఇప్పుడే ట్రాక్టరు కట్టండి. వాణ్ణి తిరువూరులో మా అమ్మ దగ్గరికి పంపండి. మీ చిన్నకొడుకుని తోడివ్వండి."

మా అమ్మ బొడ్లోంచి తాళం తీసిచ్చింది. పట్టుకారు గుడ్డలోనే ఉండిపోయింది. హనుమయ్య పెళ్ళాం పళ్ళు ముట్టుకునేదెవరు?

నేను వాణ్ణి నేరుగా తిరువూరు ఆసుపత్రికే తీసుకెళ్ళాను. రక్తం చూసి టైఫాయిడ్ అన్నారు. సెలైన్లు ఎక్కించారు. కొన్నాళ్ళకి వాడు లేచి కూర్చుని బన్ను కావాలన్నాడు. నేను పరిగెత్తినట్టే ఊరికొచ్చి చెప్పాను.

"చూశావా" అంది అమ్మ. "దాని నీడ తప్పింది, బిడ్డ లేచాడు."

"అమ్మా, మందులేశారే."

"ఇక్కడా వేశాంగా మందులు."

ఊరంతా అదే మాట. వదిన గుమ్మంలో నుంచుని విని, "ఇంతదూరం ఆలోచించలేదు మరిదీ" అంది.

అఖిల్‌ని తిరువూరులోనే బళ్ళో వేశారు. మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు మానేశారు. వదిన కనపడితే చంటిపిల్లల తల్లులు కొంగు కప్పుకుంటారు. వంటింట్లోకి అమ్మ రానివ్వలేదు, గొడ్లచావిడి మాత్రం ఇచ్చింది. అమ్మకి ఎదురు మా అన్న ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ.

"నిజం చెప్పెయ్ వదినా" అన్నాను ఒకసారి.

"చెప్తే మరెవరు చేశారంటారు?" అంది.

మళ్ళీ పట్టుకారు బయటికొస్తది. జోజమ్మ బతికున్నన్నాళ్ళూ ఈవిడ నోరు తెరవటానికి లేదు.

జోజమ్మ మాత్రం మజ్జిగకి వచ్చేది, చావిడి దగ్గరికే. "చెప్పెయ్యమ్మా. ముసల్దాన్ని, నాకెన్ని పళ్ళున్నాయని" అనేది.

"ఉన్న నాలుగూ ఉండనీ" అని చెంబు నింపేది వదిన.

ఆరేళ్ళు పోయాక ఎండాకాలం సెలవలకి అఖిల్ వచ్చాడు. వదిన చావిట్లోనే రాళ్ళపొయ్యి పెట్టి సున్నుండలు చేసింది. పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. మా అమ్మ బస్సు దగ్గరికి ఎదురెళ్ళి, హోటల్లో ఇడ్లీ పెట్టించి మరీ తెచ్చింది వాణ్ణి.

"తినేసొచ్చానమ్మా" అన్నాడు వాడు. నేర్పినట్టే అన్నాడు.

"మంచిపని చేశావు నాన్నా. ఎండలో వచ్చావు, కాళ్ళు కడుక్కో."

వదిన నీళ్ళ చెంబు అందివ్వబోయి ఆగింది. అరుగు మీద పెట్టి, తన నీడ వాడి మీద పడకుండా పక్కకి జరిగి నుంచుంది.