మడమలో పుట్టిన గుద్దు

గుద్దుకి బలం కాలి నుంచి వస్తుందని బాక్సింగ్ కోచ్ గున్నేశ్వరరావు చెప్పినప్పుడు భీమరాజుగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "గుద్దేది చేత్తోనైతే మడమకేం పనండీ? రేపు అన్నం కూడా మోకాలితో తినమంటారేంటి?" అన్నారు. మడమ తిప్పి పాదంతో నేలను తంతే ఆ ఊపు నడుముకి, నడుము నుంచి భుజానికి వస్తుందనీ, చెయ్యి దాన్ని చేరవేస్తుందంతేననీ కోచ్ విడమరిచి చెప్పాడు. భీమరాజుగారు అతనికి కాఫీ ఇప్పించి మర్యాదగా పంపేశారు.

కడియం చుట్టుపక్కల ఆయనకి తెలియని విషయమంటూ లేదు మరి. మనవరాలు సాయిదుర్గ చేతుల్లోకి బలం ఎక్కించే పని స్వయంగా చేపట్టారు. రోజుకి ఆరు నాటుకోడి గుడ్లు, రెండు చేతులకీ నువ్వులనూనె మర్దన. సాయిదుర్గ ముక్కు మూసుకుని గుడ్లు మింగేది. రాజమండ్రి సెలెక్షన్లో గెలిస్తే సరే, ఓడితే గ్లవ్స్ అటకెక్కాలన్నది తాతగారి షరతు. ఆ ఇంట్లో అటకెక్కిన వస్తువేదీ మళ్ళీ కిందకి దిగినట్టు ఎవరికీ గుర్తులేదు.

సెలెక్షన్‌కి ముందురోజు అన్నవరం మొక్కు. పని అయ్యాక మొక్కు తీర్చుకోవడం మామూలు మనుషుల పద్ధతి. భీమరాజుగారిది అడ్వాన్సు పద్ధతి. మనవరాలు చెప్పుల్లేకుండా కొండ మెట్లన్నీ ఎక్కాలి. నాయనమ్మ శ్యామలాంబ పులిహోర కలిపి డబ్బాలకెత్తేసరికి ఆలస్యమై, కొండ కిందకి చేరేటప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. అసలే మే నెల.

"తాతగారండీ, కాళ్ళు కాలిపోతాయండీ!"

"కాళ్ళతో నీకేం పనమ్మా? చేతులు జాగ్రత్త!" అని, తన మోకాళ్ళ నొప్పుల దృష్ట్యా ఆయన కార్లోనే పైకి వెళ్ళారు.

మర్నాడు రింగులో, బూట్లలో బొబ్బలెక్కిన పాదాలతో సాయిదుర్గ కొట్టిన గుద్దులు ఎదుటి పిల్లకి పసిబిడ్డని జోకొట్టినట్టు తగిలాయి. ఓడిపోయింది. ఏడుపొచ్చింది, బొబ్బలకి కాదు, అటక గుర్తొచ్చి.

"ఏడో గుడ్డు కూడా పెట్టాల్సింది" అన్నారు తాతగారు.

బొబ్బలు మానాక ఒక ఉదయం ఆయన వరండాలోకి నిచ్చెన తెప్పించారు. సాయిదుర్గ గ్లవ్స్ ఇవ్వలేదు, తొడుక్కుంది.

"ఒక్కసారి అరచెయ్యి చాపండి, తాతగారండీ."

ముందు కుర్చీలో కూర్చుని, పాదాలు పైకెత్తి కొట్టింది. ఆయన చెయ్యి కదల్లేదు. "ఇంతేనా? దీనికేనా ఇంత గొడవ!" అని నవ్వారు. ఆమె లేచి నిలబడింది. నేలను తన్ని, మడమ తిప్పి కొట్టింది.

భీమరాజుగారు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి ధాన్యం బస్తాల మీద కూలబడ్డారు. అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఇప్పుడైనా కోచ్ మాట ఒప్పుకుంటారేమోనని సాయిదుర్గ ఆయన మొహంలోకి చూసింది.

"శ్యామలా!" అని కేకేశారాయన. "గుడ్లు ఇప్పటికి ఒంటబట్టాయే! ఆ నిచ్చెన తీయించెయ్!"

సాయిదుర్గ గ్లవ్స్‌ని గుండెకి హత్తుకుంది.

"అవునండీ, గుడ్లేనండీ" అంది.