తాళం వేసిన ఇళ్ళు

నాకు ముక్కుమీద కోపమని మా బృందంలో అందరికీ తెలుసు. అందుకే నేనో నియమం పెట్టినప్పుడు ఎవరూ ఎదురు చెప్పలేదు. తాళం వేసిన ఇల్లు కనిపిస్తే కాగితం మీద అడ్డగీత గీసి పక్కింటికి వెళ్ళిపోవాలి. మూడు రోజుల్లో మూడొందల ఇళ్ళు తిరిగి, ఈ పేటకి అన్నిటికంటే ముందు ఏం కావాలో తేల్చాలి. డబ్బిచ్చే కమిటీ ఒక్క పనికే ఒప్పుకుంటుంది. తాళాలకి కాపలా కూర్చునే తీరిక మనకెక్కడిదని అందరి నోళ్ళూ మూయించాను.

అందరూ అంటే ఇద్దరే. ఒక నర్సు, ఒక రిటైరైన లెక్కల మాస్టారు. మూడోరోజు మధ్యాహ్నానికి వీధి దీపాలు కావాలన్నవాళ్ళే ఎక్కువగా తేలారు. ఐదింటికి కమిటీకి నివేదిక ఇవ్వాలి. మాస్టారు అప్పుడే కూడికలు మొదలుపెట్టేశారు.

నాలుగో సందులో ఇంకో తాళం. విసుగ్గా గీత గీసి కదలబోతుంటే లోపల్నుంచి సన్నని గొంతు వినిపించింది.

"ఆంటీ, మా తమ్ముడు లేవట్లేదు."

కిటికీ చువ్వల వెనక ఆరేళ్ళ పాప నిలబడి ఉంది.

"అమ్మ ఏదమ్మా?"

"కుట్టు మిల్లుకెళ్ళింది. ఎవరొచ్చినా పలకొద్దంది. నేను పలికానని చెప్పకండేం?"

నా కేకకి నర్సు పరుగెత్తుకొచ్చింది. పాప తమ్ముణ్ణి చాపతో సహా కిటికీ కిందకి ఈడ్చుకొచ్చింది. నర్సు చువ్వల్లోంచి భుజం దాకా చెయ్యి దూర్చితే వాడి పాదం మాత్రమే అందింది.

"అక్కా, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. తలుపు తెరవాల్సిందే."

కేక విని వచ్చిన పక్కింటావిడ మిల్లు వైపు పరుగు తీసింది. వెళ్ళి రావడానికి అరగంట. తాళం పగలగొడదామని అన్నానే గానీ దేంతో కొట్టాలో తోచలేదు. చెప్పులకి దుమ్మంటితే ఆగి దులుపుకునే మాస్టారు, అరుగు పక్కనున్న బండరాయిని రెండు చేతులా ఎత్తి తాళం మీద మోదారు. ఊడలేదు. మళ్ళీ మోదారు. లోపల పాప ఏడుపు లంకించుకుంది. మూడో దెబ్బకి గొళ్ళెం ఊడిపడింది.

నర్సు తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూనే ఉంది. ఎంతకీ వాడిలో కదలిక లేదు. చివరికి కళ్ళు తెరిచి, మా ముగ్గురి మొహాలు చూసి, జడుసుకుని బావురుమన్నాడు. 

"ఏడవరా నాయనా, గట్టిగా ఏడువు!" అంది నర్సు, తనూ ఏడుస్తూ.

తల్లి రొప్పుతూ వచ్చింది. కొడుకుని గుండెకి హత్తుకున్న మరుక్షణం నా చేతిలో కాగితాలు గుంజింది.

"రాయకండి మేడం. తాళమేసి పోతానని తెలిస్తే అధికారులొచ్చి పిల్లల్ని లాక్కుపోతారు. ఎవరి దగ్గర వదిలి పొమ్మంటారు? మీరే చెప్పండి!"

నలిగిన ఆ కాగితాల నిండా నా అడ్డగీతలే. లెక్కపెడితే నలభై ఒకటి.

"ఈ ఇళ్ళన్నిట్లోనూ ఇంతేనా?" అని అడిగాను.

"చాలావాటిలో. మేమంతా మిల్లులో ఒకటే షిఫ్టు."

తల కొట్టేసినట్టయింది. పిల్లల్ని చూసుకునే చోటు కావాలని పేటలో ఒక్కరూ అడగలేదే అని పొద్దున్నే నేను ఆశ్చర్యపోయాను కూడా. అడగాల్సినవాళ్ళ గుమ్మాలే నేను దాటేశాను.

"పేర్లూ ఇంటి నెంబర్లూ రాయను. పిల్లలు ఎంతమందో అంతే. ఆ లెక్క లేకపోతే కమిటీ నా మాట నమ్మదు," అన్నాను.

"మూడుంబావయిందమ్మాయ్," అన్నారు మాస్టారు.

ఎదురింటి తాళం దగ్గరికెళ్ళి పిలిచాను. బతిమాలాను. చీమ చిటుక్కుమనలేదు.

"మీరు పిలిస్తే పలకరు," అంది పాప.

తల్లి కొడుకు వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ గుట్టు ఆమె ఒక్కదానిదే కాదు. రేపు మిల్లులో అందరికీ ఆమే జవాబు చెప్పుకోవాలి. నేను గడియారం వంక చూడకుండా ఉండలేకపోయాను.

"వెళ్ళవే, నువ్వు పిలువు," అంది చివరికి.

నర్సు పిల్లాడి దగ్గరే ఆగింది. పాప ఎదురింటి కిటికీ కింద నిలబడింది. "చిట్టీ, నేనే! అమ్మే పిలవమంది."

కాసేపటికి లోపల్నుంచి "ఆఁ" అని వినిపించింది. తర్వాతి ఇంట్లో ఇద్దరు పలికారు. ఆ పక్కింట్లో ముగ్గురు, ఒకరి మాటని ఒకరు తోసేస్తూ. మూడో సందులోకి వచ్చేసరికి లెక్క యాభై దాటింది. వీధి దీపాల మాట మాస్టారు మళ్ళీ ఎత్తలేదు.

అక్కడొక ఇంటికి కిటికీ లేదు. పాప తలుపు సందుకి నోరానించి పిలిచింది. లోపల ఎవరో పాకుతూ దగ్గరికొచ్చిన చప్పుడు.

"నిన్నొచ్చి తాళం లాగి చూసినావిడ ఉందా?" అని గుసగుసగా అడిగాడొక పిల్లాడు. "నేను నోరు నొక్కేసుకున్నా. అస్సలు పలకలేదు."

పాప తలెత్తి నా మొహంలోకి చూసింది.

"లేదురా, వెళ్ళిపోయింది," అంది.

నేను చప్పుడు కాకుండా పక్కకి తప్పుకున్నాను.

"అయితే రాసుకోమను. నేనూ, చెల్లీ," అన్నాడు వాడు.