తొరక కట్టిన జిగురు

“ఎండలో నిలబెట్టిన ట్రక్కులో పడేసుంటావు పిల్లా! లేకపోతే నా చేతి గిటారు ఇలా జరజరమంటుందా?” అన్నాడు గిటార్లు చేసే ఫిదెన్సియో, తన దుకాణం నిండా జనం ఉండగా.

ఆ పిల్ల ఒదీలియా. జ్ఞానస్నానం నాడు ఆమెను జ్ఞానతండ్రిగా ఎత్తుకున్నవాడు అతనే, ఈ ఏడు పదిహేనో పుట్టినరోజుకి ఆ గిటారు చేసిచ్చినవాడూ అతనే. తెల్లవారితే సంగీతగాళ్ళను కాచే పునీత సిసీలియా పండుగ. గిటార్లు చేసే ఆ పరాచో ఊళ్ళో వాయిద్యం పట్టినవాళ్ళందరికీ పెద్దపండుగ అది. చర్చిలో పాటలబృందానికి ముందు కూర్చుని వాయించవలసింది ఒదీలియానే.

“లేదు తాతా, ఒట్టు! దుప్పటి చుట్టి మంచం పక్కనే పెట్టుకుంటాను.”

“అందరూ అదే అంటారులే.”

బృందానికి పెద్ద దిక్కైన కాంద్రమ్మ అక్కడే ఉంది. “గిటారు చూసుకోలేని పిల్ల పాటనేం చూసుకుంటుంది? రేపు మా మేనల్లుడు వాయిస్తాడు” అనేసింది. ఒదీలియా ఏడవలేదు. గిటారు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

జనం కదిలాక ఫిదెన్సియో గిటారు నోట్లోంచి చిన్న అద్దం దూర్చి చూశాడు. ముఖపలక అడుగున అంటించిన బద్ద ఒకటి ఊడి వేలాడుతోంది. మెల్లగా బయటికి లాగి వెలుగులో పెట్టాడు. ఎండ దెబ్బయితే జిగురు మెత్తబడి, సాగి, తీగలు తీగలుగా ఆరి ఉంటుంది. కింద పడితే బద్దతోపాటు పలక చెక్క కూడా పేళ్ళు లేచి వస్తుంది. ఈ బద్దకు ఒక్క పీచు అంటలేదు. చల్లారిన జావమీద తొరకలాగా జిగురు నున్నగా మెరుస్తోంది. అంటే అది సరిగ్గా అంటుకోనే లేదు. వానలున్నన్నాళ్ళూ ఉబ్బిన చెక్క ఎలాగో పట్టుకుని ఉంది. గాలి పొడిబారి చెక్క ముడుచుకోగానే వదిలేసింది.

పక్కన వార్నిషు పూస్తున్న పెళ్ళాం జెనొవేవా తొంగిచూసింది. “ఇది వానలకు ముందు, కార్నివాల్ పండగనాడు అంటించింది కాదూ?”

అవును, ఆనాడే. బద్దను నిప్పులమీద వెచ్చచేసి, వేడి జిగురు పూసి, అది చల్లారేలోగా ఊపిరి తీసుకోకుండా బిగించాలి. జిగురు పూసినవాడు వాకిలివైపు తల తిప్పకూడదని ఊరందరికీ చెప్పేవాడు అతనే. ఆ రోజు వీధిలోకి వెదురు ఎద్దును ఆడించే గుంపు వచ్చింది. ఎద్దు కింద దూరి ఎగురుతున్నది తన సొంత తమ్ముడు. చూడకుండా ఎలా ఉంటాడు? గుమ్మంలోకి వెళ్ళాడు, నవ్వాడు, ఒక గుక్క సారా కూడా పుచ్చుకున్నాడు. కొండగాలికి జిగురు చల్లారిపోయింది. గీరేసి మళ్ళీ పూయాల్సింది పోయి, కాస్త గట్టిగా బిగిస్తే సరిపోతుందిలే అనుకున్నాడు.

“కొత్త బద్ద వేసిచ్చెయ్. లోపలికి తొంగిచూసేదెవరు?” అంది జెనొవేవా.

“ఎవరూ చూడరు.”

“మరి?”

“పిల్ల ఒట్టేసింది కదే...” అన్నాడు, మొహం ఎటో తిప్పుకుని.

పొద్దున్నే చర్చి వాకిట్లో వాయిద్యాలవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. ఒదీలియా గోడ పక్కన వట్టి చేతులతో కూర్చుంది. ఫిదెన్సియో ఆమె ముందుకు వెళ్ళి, ఊడిన బద్ద చూపించి గొణిగాడు. “తప్పు నాది తల్లీ. జిగురు చల్లారబెట్టింది నేనే. నువ్వు ఎండలో పెట్టలేదు.”

“గట్టిగా చెప్పు తాతా. నిన్న గట్టిగానే అన్నావుగా. బాకాలవాళ్ళకి వినపళ్ళేదు.”

గట్టిగా చెప్పాడు. బాకాలు ఆగిపోయాయి.

“జిగురు పూసి ఎటు పోయావయ్యా?” అని అడిగాడు ఒక ముసలి బాకావాడు.

“ఎద్దాట చూడ్డానికి.”

వాకిలంతా గొల్లున నవ్వింది. “మమ్మల్ని తల తిప్పొద్దని తిట్టిపోసింది నువ్వే కదటయ్యా!”

అతని చెవులు నిప్పులయ్యాయి. కాంద్రమ్మ నసుగుతూ మేనల్లుడి చేతిలోని గిటారు తీసి ఒదీలియా ఒళ్ళో పెట్టింది. “పోయి నీ చోట కూర్చో పిల్లా.” ఒదీలియా లేచి లోపలికి వెళ్ళింది. ఫిదెన్సియోవైపు చూడలేదు.

పూజ మొదలయ్యాక ఫిదెన్సియో వెనక స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఆలస్యంగా వచ్చిన ఒకామె పక్కామెను అడుగుతోంది: “ఒదీలియా చేతిలో ఎవరి గిటారే అది? దానిదేమయింది?”

పక్కామెకు తెలియదు. ఫిదెన్సియో టోపీ నలుపుకుంటూ వాళ్ళవైపు వంగాడు.

“నేనే చెడగొట్టాను తల్లీ... జిగురు పూసి వాకిట్లోకి పోయాను.”